కాలు సరిచేసిన కుర్చీ

పాత సామాన్లు బాగుచేసే టీవీ కార్యక్రమాలంటే మా ఇంట్లో అందరికీ పిచ్చి. చివర్లో పనిమంతుడు గుడ్డ తీసి, కొత్తదానిలా మెరుస్తున్న వస్తువును చూపిస్తాడు. దాని సొంతదారు ఏడుస్తాడు. ధర్మవరంలో సోఫా మీద కూర్చొని మా అమ్మ కూడా ఏడుస్తుంది.

అమ్మను నేనూ ఒకసారి అలా ఏడిపించాలనుకున్నాను. వరండాలో ఏళ్ల తరబడి ఊగులాడుతున్న టేకు కుర్చీని పెనుకొండలో ఒక వడ్రంగి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పొట్టి కాలికి ముక్క అతికించి, పాలిష్ పట్టి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, దుప్పటి కప్పి, అమ్మానాయనలను ఎదురుగా కూర్చోబెట్టి, టీవీలో మాదిరే దుప్పటిని మెల్లగా లాగాను.

అమ్మ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"ఎంత పని చేసినావురా! అది ఊగులాడ్తాంటేనే కదా పక్కింటాయప్ప పది నిమిషాలకు లేసిపోతాండె. మీ నాయన కావాలనే ఆ కాలు రవ్వంత కోసిపెట్టినాడు!"

నాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

సాయంత్రం పక్కింటాయన వచ్చి, అలవాటుగా జాగ్రత్తగా కూర్చున్నాడు. కుర్చీ కదల్లేదు. మెల్లగా వెనక్కి వాలాడు.

"ఏమబ్బా, కుర్చీ శానా బాగుండాదే!" అన్నాడు నాతో.

రెండు కాఫీలు తాగి, తన మోకాళ్ల నొప్పి గురించి మొదటినుంచీ చెప్పి, చీకటి పడ్డాక లేచాడు. మరుసటి రోజు కుర్చీ చూపించడానికి భార్యను కూడా పిలుచుకొచ్చాడు. అమ్మ నావైపు ఒక చూపు చూసి, కాఫీ కలపడానికి లోపలికి పోయింది.