కర్పూరం ఆర్పిన చేయి

గుడిలో హారతి ఇచ్చే వేళకు నేను బయటికి వచ్చేస్తాను. కర్పూరం పొగ పడదని ఇంట్లో అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. పడనిది పొగ కాదు. ఆ వాసన తగిలితే నాకు రోత పుడుతుంది. ఆ రోత మా పాత సావుకారు మీద ఎంతో, నా మీద ఎంతో విడదీయడం ఇన్నేళ్ళయినా చేతకాలేదు.

యుద్ధం రోజులు. బెంగుళూరు కాటన్‌పేటలో ఒక నూలు సావుకారు దగ్గర నేను గుమాస్తాను. ముందు అంగడి, వెనక పెరట్లో రంగుల పాక. ఆ పాకలో దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చిన ఒక ముసలాయన నూలుకు రంగు వేసేవాడు. ఆయన చేతులు మోచేతుల దాకా నీలం. ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేత్తో ఆయన రాగిముద్ద విరుచుకుంటుంటే నాకు వెగటుగా ఉండేది. మధ్యాహ్నం పూట నా క్యారియర్ తీసుకుని దూరంగా వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఆయన ఏమీ అనేవాడు కాదు. ఒక మిరపకాయ అడిగి పుచ్చుకునేవాడు, అంతే.

సావుకారు జీతం ఇవ్వనని ఎన్నడూ అనలేదు. "నా దగ్గర ఉంటే యాడికి పోతాదప్పా? నీ దగ్గరుంటే కరిగిపోతాది" అని ఆకూ వక్కా చేతిలో పెట్టి పంపేవాడు. ముసలాయన ఏడాదిన్నర జీతం అలాగే వదిలేశాడు. ఊళ్ళో కొడుకు మగ్గం తాకట్టులో ఉంది. ఆ డబ్బంతా ఒక్కసారే తీసుకుపోయి దాన్ని విడిపించాలని ఆయన ఆశ.

నూలుకు సర్కారు కంట్రోలు వచ్చి, సరుకు దొరక్క రంగుల పాక మూతపడింది. మా ఇద్దరినీ ఒకే రోజు మాన్పించాడు. జీతాల మాటెత్తితే ఎప్పుడో ఇచ్చేశానన్నాడు. హాజరు పుస్తకం ఎలుకలు కొట్టేశాయన్నాడు. ఆ పుస్తకం రాసింది నేను. ముసలాయనకు చదువు రాదు. ఆయన పని చేసిన రోజులకు మిగిలిన సాక్ష్యం నేనొక్కణ్ణే.

ఇద్దరం చిన్న దావాల కోర్టుకు వెళ్ళాం. నిజానికి నాకు రావలసింది ఐదు నెలలు. కోర్టు అరుగు మీద అర్జీలు రాసే మనిషి కలం తుడుచుకుంటూ, "ఏడు అని రాద్దాం. ఐదంటే మూడిస్తారు. కాటన్‌పేటలో ఉండి బేరం తెలీదా అప్పా నీకు?" అన్నాడు.

బేరం తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. మధ్యలో మా ఆవిడ కానుపుకని సావుకారు రెండు నెలల జీతం ఇచ్చి, రెండు చీటీల మీద నా సంతకం తీసుకున్నాడు. ఆ సంగతి అర్జీ మనిషికి చెప్పలేదు. సావుకారు కోర్టులో ఇచ్చిన జవాబులో ఆ చీటీల ఊసే లేదు. పోగొట్టుకున్నాడు, నా అదృష్టం అనుకున్నాను.

నా దావా ముందు వచ్చింది. సావుకారు జడ్జీగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వాదనలు ఎందుకు సామీ. ఆంజనేయస్వామి ముందర కర్పూరం ఆర్పి ఏడు నెలలని చెప్పమనండి. కాసు తక్కువ లేకుండా ఇచ్చేస్తా" అన్నాడు. ఇలాంటి ప్రమాణానికి ఆ రోజుల్లో కోర్టులు ఒప్పుకునేవి. సమ్మతమేనా అని జడ్జీగారు నన్నడిగారు. సమ్మతమే అన్నాను. నా నోరు నాకంటే ముందు పలికింది.

ఆ సాయంత్రం మా ఆవిడ పిల్లకు పాలిస్తూ అడిగింది. "మనకు రావాల్సింది ఐదే కదా?"

"కోర్టులో అందరూ ఇంతే" అన్నాను.

"కోర్టు సరే. గుళ్ళోనూ ఇంతేనా?"

నేను పంచాంగం తిరగేస్తూ కూర్చున్నాను.

ఆంజనేయస్వామి గుళ్ళో ప్రమాణం చూడటానికి వచ్చిన కోర్టు అమీనా, సావుకారు, పూజారి, నేను. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. ఏడు నెలలు అని చెప్పి, అరచేత్తో మంటను అణిచాను. చెయ్యి చురుక్కుమంది. సావుకారు కళ్ళకద్దుకుని తీర్థం పుచ్చుకున్నాడు. వారం తిరక్కుండా డబ్బు కట్టేశాడు. కట్టేటప్పుడు ఆయన ముఖంలో కోపమేమీ లేదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ రెండు నెలల డబ్బుతో ఒక గోడగడియారం కొన్నాను.

దసరా వెళ్ళాక ముసలాయన దావా వచ్చింది. ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. మెట్ల మీద నన్ను చూసి, "నా మగ్గం నీ నోట్లో ఉండాది నాయనా" అని నవ్వాడు.

బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏ నెల వచ్చాడో, ఏ నెల దాకా చేశాడో, ఎన్ని రోజులు జ్వరంతో పడుకున్నాడో. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. అప్పుడు సావుకారు వకీలు లేచి రెండు చీటీలు నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం ఎవరిది?"

నాదే అన్నాను.

"ఈ రెండు నెలలకూ జీతం తీసుకోలేదని కర్పూరం ఆర్పింది ఎవరు?"

ఈ చీటీలు అప్పుడెందుకు చూపలేదని జడ్జీగారు సావుకారునే అడిగారు.

"అప్పుడు దొరకలేదు సామీ. మొన్న ఆయుధపూజకు పెట్టె దులిపితే రాలినాయి."

కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జీగారు నవ్వలేదు, కానీ దేవుడి ముందే అబద్ధమాడిన మనిషి మాట నమ్మి తీర్పు ఇవ్వలేనన్నారు. ముసలాయన దావా కొట్టేశారు. రెండు నెలల జీతం పెట్టుబడిగా పెట్టి సావుకారు ఏడాదిన్నర జీతం మిగుల్చుకున్నాడు. నన్ను నేనే వేలానికి పెట్టుకుని, పాట కూడా నేనే పాడానని అప్పటికి అర్థమైంది.

మెట్లు దిగుతుంటే సావుకారు నా భుజం తట్టాడు. "పనేమన్నా కావల్లంటే అంగడికి రా అప్పా. నీలాంటోడు పనికొస్తాడు." ఆ చేతి తడి చొక్కాలోంచి తగిలింది. ఇంటికి వెళ్ళి ఆ చొక్కా ఉతికాను. మర్నాడు మళ్ళీ ఉతికాను.

ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నన్ను తిడితే బాగుండేది. "ముందే నాతో చెప్పింటే ఇంకోణ్ణి ఎవరినైనా వెతుక్కునుందును కదప్పా" అన్నాడు. మూట తీసుకుని లేచాడు.

గడియారం అమ్మేశాను. దానికి ఇంకొంత చేర్చి, రెండు నెలల మొత్తం పట్టుకుని ముసలాయనకు ఇద్దామని ఒక ఆదివారం దొడ్డబళ్ళాపురం బస్సెక్కాను. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు, యలహంక దాటక ముందే ఆగింది. డ్రైవరు పొయ్యి ఎగదోస్తున్నాడు. అందరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. ముసలాయన ఇంట్లో మగ్గం ఉండవలసిన చోటు ఖాళీగా కనిపిస్తుందనుకున్నాను. ఆయన ఆ నీలం చేత్తో నాకు మజ్జిగ ఇస్తాడనుకున్నాను. నేను దాన్ని తాగవలసి వస్తుంది.

ఎదురుగా బెంగుళూరు వెళ్ళే బస్సు వచ్చింది. చెయ్యెత్తి ఆపాను.