నోలీన్ నోటికి భయపడిన నాలుగు గంటలు

మా ఊళ్ళో స్కూలు బస్సు నడిపే నోలీన్ హార్గెస్ట్‌కు అరవై ఆరేళ్ళు. న్యూజిలాండ్ పడమటి తీరంలో కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు మాది. ఏడాదిలో సగం రోజులు వాన కురుస్తుంది, మిగతా సగం కురవబోతున్నట్టు ఉంటుంది. అడవిలో ఎవరైనా తప్పిపోయినా, కాలు విరగ్గొట్టుకున్నా వెళ్ళి మోసుకొచ్చే జట్టు ఒకటుంది మాకు. జీతం లేదు, భత్యం లేదు, అందరం ఊరివాళ్ళమే. పాల ట్యాంకర్ నడిపే నేను అందులో చేరి పదకొండేళ్ళయింది. నోలీన్ చేరి ముప్ఫై ఏళ్ళు. ఆమె సంచి బస్సులో డ్రైవర్ సీటు వెనక ఎప్పుడూ సర్దే ఉంటుంది. పిలుపొచ్చిందంటే పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపేసి, అదే బస్సులో అడవి దారి మొదటికి వచ్చేస్తుంది.

మనిషి బంగారం. నోటి సంగతే చెప్పబోతున్నాను.

ఫోన్లు నేరుగా ఉపగ్రహంతో మాట్లాడటం నేర్చాక ఆ నోటికి పని పెరిగింది. సిగ్నల్ లేని లోయలో కూడా ఒక్క బటన్ నొక్కితే సాయం కావాలని కబురు వెళ్ళిపోతుంది. మంచి సంగతే. కాకపోతే ఆ బటన్‌ను నమ్ముకుని వాన కోటు కూడా లేకుండా కొండెక్కేవాళ్ళు తయారయ్యారు. ఓసారి ఇద్దరు స్నేహితులు నొక్కారు. మేం పడుతూ లేస్తూ ఆరు గంటలు నడిచి వెళ్ళేసరికి అడవి గుడిసెలో కాళ్ళు చాపుకుని పేకాడుతున్నారు. వంట గ్యాస్ అయిపోయిందట.

"ఆకలేస్తోందండీ" అన్నాడొకడు.

"ఒక్కపూటకే చావరులే నాయనా, కాస్త సన్నబడతారు" అంది నోలీన్. "నువ్వు బటన్ నొక్కితే ఆకాశంలో తిరిగేదానికి తెలుస్తుంది. అది ఆఫీసుకు చెబుతుంది. ఆఫీసు నాకు చెబుతుంది. ఇందులో మోకాళ్ళ నొప్పులున్నది ఎవరికి? నాకు!"

తిరిగొచ్చే దారంతా వాళ్ళకు అదే పాఠం. రెండోవాడికి కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్విన పెద్దమనిషిని నేనే.

పోయిన ఏప్రిల్‌లో దుప్పి వేటకని ఒక్కణ్ణే బయల్దేరాను. ఎడమ వాగు వెంట వెళ్తాననీ, ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తాననీ నా భార్య కొలీన్‌తో చెప్పాను. శుక్రవారం రాత్రి రెండు వాగులూ కలిసేచోట ఉన్న అడవి గుడిసెలో పడుకున్నాను. ప్రతి గుడిసెలోనూ ఒక పుస్తకం ఉంటుంది. ఎవరు, ఎటు వెళ్తున్నారు, ఎప్పటికి వస్తారు అన్నది అందులో రాయాలి. మనిషి కనబడకపోతే మేం మొదట తెరిచేది ఆ పుస్తకమే. అంత తెలిసీ నేను రాయలేదు. అది బయటివాళ్ళ కోసమని మా ఊరివాళ్ళకు ఒక పొగరు. సొంత పెరట్లోకి వెళ్తూ ఎవరైనా చీటీ రాసిపెడతారా? పైగా పొద్దున బయల్దేరేసరికి కుడి వాగు ఒడ్డున తాజా గిట్టల గుర్తులు కనబడ్డాయి. ఎడమకని చెప్పినవాణ్ణి కుడికి తిరిగాను.

అరగంట నడిచానో లేదో, పాకుడు పట్టిన బండ మీద కాలు జారింది. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నా చెవులతో నేనే విన్నాను. టైము పది. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు, అత్యవసరమైతే ఉపగ్రహం ద్వారా కబురు పంపవచ్చు అని తెర మీద వచ్చింది. వేలు దాని మీద పెట్టాను. పెట్టి తీసేశాను.

ఎందుకు తీశానో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నోలీన్ మొహం కళ్ళముందు కనబడింది. "రస్ కూడానా? మన రస్సేనా?" అని నా పేరెత్తి ఊరంతా చెవులు కొరుక్కుంటున్నట్టు అనిపించింది. గుడిసె ఎంతో దూరం లేదు, పాక్కుంటూ పోతే సరి, రేపెవరో ఒకరు రాకపోతారా అనుకున్నాను.

రెండు గంటలు పాకితే రెండు బస్సుల పొడవు జరిగాను. చేతుల మీద తోలు లేచిపోయింది. కుట్టే ఈగలు మొహమంతా పండగ చేసుకున్నాయి. ఎగరలేని వేకా పక్షి ఒకటి వచ్చి నా బూటు లేసు లాగుతూ కూర్చుంది. ఆలోపు వాన అందుకుంది. మా వాగుల సంగతి నాకు తెలుసు. పైన గట్టిగా కురిస్తే సాయంత్రానికి నేను పడుకున్న చోటు నీళ్ళలో ఉంటుంది. కొలీన్ ఆదివారం దాకా కంగారు పడదు. పడ్డాక జట్టు వెతికేది ఎడమ వాగు. అప్పుడు తెలిసొచ్చింది. నేను చచ్చిపోబోతున్నాను, అదీ మొహమాటంతో.

రెండు దాటాక నొక్కాను. చెట్ల కింద ఫోన్‌కు ఆకాశం అందలేదు. వాగు మధ్యలో మాత్రమే పైన ఖాళీ ఉంది. నీళ్ళు పెరుగుతున్న వైపుకే మళ్ళీ పాకి, చెయ్యెత్తి, అది చెప్పినట్టల్లా ఎడమకూ కుడికీ తిప్పాను. ఏమైంది, రక్తం పోతోందా, ఎంతమంది ఉన్నారు అని ఒక్కొక్కటే అడిగింది. నాలుగు నిమిషాలకు బదులొచ్చింది. సాయం బయల్దేరుతోంది, మబ్బు వల్ల హెలికాప్టర్ లోయలోకి రాలేకపోతోంది, జట్టు కాలినడకన వస్తోంది. ఏ జట్టో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఏడ్చేశాను, సంతోషంతోనే.

అయిదింటికి నీళ్ళు నా నడుము తాకుతుండగా అందరికంటే ముందు వచ్చింది నోలీనే. వెనక ముగ్గురు. నన్ను గట్టు మీదికి లాగారు. కాలికి బద్దలు కట్టారు. నోలీన్ తన పొడి స్వెటర్ నాకు తొడిగింది.

"ఎన్నింటికి పడ్డావురా?"

"పదింటికి."

"కబురొచ్చింది రెండు దాటాక కదా. ఆ నాలుగు గంటలూ ఏం వెలగబెట్టావు?"

"నీ గురించే ఆలోచించాను, నోలీన్."

మిగతా ముగ్గురూ పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది. నా మొహంలోకి చూసి, అది వేళాకోళం కాదని గ్రహించింది. వాగు వైపు చూసింది. ఇంతకుముందు నేను ఆనుకున్న బండ అప్పటికే కనబడటం లేదు.

"నా నోటికి భయపడి చచ్చిపోదామనుకున్నావా, మొద్దు వెధవా!" అంది. అని, ఆ బురదలోనే కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. ఎటు చూడాలో తెలియక మేం నలుగురం వానను చూస్తూ ఉండిపోయాం.

చీకటి పడకముందే మబ్బు కాస్త లేచింది. హెలికాప్టర్ చప్పుడు వినబడ్డప్పుడు నాకు కలిగిన ఊరటకు మాటలు లేవు. దాంట్లోకి ఎక్కించేదాకా నోలీన్ నా చెయ్యి వదల్లేదు.

నెల తర్వాత జట్టు సమావేశానికి చంకకర్రలతో వెళ్ళాను. పుస్తకంలో రాయకపోవడం, చెప్పిన వాగు వదిలి వేరే వాగుకు పోవడం, అన్నీ నిలబడి ఒప్పుకున్నాను. నోలీన్ లేచింది.

"వాడి తప్పు వాడు చెప్పాడు. ఇక నాది. బటన్ నొక్కేముందు వందసార్లు ఆలోచించండని ఇన్నాళ్ళూ ఊదరగొట్టాను. ఆ వందసార్లూ ఇంట్లో బూట్లు వేసుకునేటప్పుడు ఆలోచించండి. పడ్డాక మాత్రం ఆలోచించొద్దు. నొక్కండి. తిడితే తిడతాను, చెవులు మూసుకోండి."

జులైలో, అంటే మాకు నడి చలికాలంలో, ఒక జంట నొక్కారు. గుడారంలోకి నీళ్ళొచ్చి పరుపులు తడిశాయి, అంతే. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. చలి వానలో అయిదు గంటల నడక. నా కాలు ఇంకా కుదురుకోలేదు గనుక నేను రోడ్డు దగ్గర వ్యానులో రేడియో పట్టుకుని కూర్చున్నాను. జట్టుతో పాటు రోడ్డు దాకా దిగొచ్చాక ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని, "క్షమించండి, అనవసరంగా శ్రమ పెట్టాం" అంది.

ఏమంటుందోనని అందరం నోలీన్ వైపు చూశాం.

"భయమేసింది, పిలిచారు. మంచి పని చేశారమ్మా" అంది నోలీన్. మళ్ళీ వచ్చేటప్పుడు సంచిలో ఏమేం పెట్టుకోవాలో నిదానంగా చెప్పి, కారు దాకా సాగనంపి వచ్చింది. వ్యాను తలుపు వేసింది. అద్దం పైకెత్తింది. ఇక అందుకుంది చూడండి! ఆ జంటను, వాళ్ళకు ఆ గుడారం అమ్మినవాణ్ణి, వానను, తన మోకాళ్ళను, ఉపగ్రహాన్ని పైకి పంపిన మహానుభావుల్ని, వరసపెట్టి అరగంట తిట్టింది. నేను హాయిగా వెనక్కి వాలి వింటున్నాను.

ఊపిరి తీసుకోవడానికి ఆగి నా వైపు తిరిగింది. "నీకెందుకురా ఆ నవ్వు?"

"వినడానికి మిగిలాను కదా, నోలీన్."

ఆమె ముక్కు చీదుకుని వ్యాను స్టార్ట్ చేసింది.