కేకు మీద కన్ను

మా నాన్న కుడికన్ను ఫొటో ఈ ప్రపంచంలో ఎవరికి కావాలన్నా ఉచితంగా దొరుకుతుంది. ఏ దేశంలో ఉన్న పరిశోధకుడైనా మా కంపెనీ వెబ్‌సైట్ తెరిచి, షరతులకు సరేనని నొక్కి, దాన్ని దించుకోవచ్చు. చూపు పోకముందు తీసిన ఫొటో అది. చూపు పోబోతోందని అందులో స్పష్టంగా కనిపిస్తుంది. అంతమందికి అందిన ఆ కబురు మా నాన్నకు మాత్రం అందలేదు. మా ఇల్లు మూసాపేటలో, ఆఫీసు హైటెక్ సిటీలో. అమీర్‌పేటలో మెట్రో మారితే చాలు, రోజూ నేను పోయి వచ్చే దూరమే.

నేను కంటి పరీక్షల చదువు చదివి, కొన్నాళ్లు కళ్లద్దాల షాపులో పనిచేసి, ఆ తర్వాత ఈ కంపెనీలో చేరాను. కంటి లోపలి రెటీనా పొరను ఫొటో తీస్తే షుగర్ జబ్బు దాన్ని ఎంతవరకు తినేసిందో తెలుస్తుంది. ఆ ఫొటో చూసి జబ్బును గుర్తుపట్టే ప్రోగ్రాం తయారుచేయడం కంపెనీ పని. ప్రోగ్రాంకు నేర్పాలంటే ముందు మనుషులు చూసి చెప్పాలి. ఆ చెప్పేవాళ్లలో నేనొకదాన్ని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా తెర నిండా కళ్లే. ఫొటో వస్తుంది, జబ్బు ఎంత ఉందో ఒక బటన్ నొక్కుతాను, ఇంకో ఫొటో వస్తుంది. అన్నిటికన్నా చివరి బటన్ పేరు ‘అర్జెంట్ రెఫరల్’. ఈ మనిషిని వెంటనే దవాఖానకు పంపాలని దాని అర్థం. అది నొక్కితే ఎవరూ ఎక్కడికీ పోరు. ఫొటో ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి పోతుంది, అంతే.

మొదట్లో మా పని అధ్వానంగా ఉండేది. ఫొటోతో పాటు పేరు, వయసు, ఊరు అన్నీ కనిపించేవి. ముసలివాళ్లయితే జబ్బు ముదిరే ఉంటుందని సగం చూసి నొక్కేసేవాళ్లం. ఒకే ఫొటోకు నేనొకటి చెప్తే పక్కసీటు అమ్మాయి ఇంకోటి చెప్పేది. దాన్ని పట్టుబట్టి బాగుచేశారు. ఒక్కో ఫొటోను ఇద్దరు విడివిడిగా చూడాలి, తేడా వస్తే పెద్ద డాక్టరు తేల్చాలి. పేర్లు తీసేశారు. ఫొటో ఏ ఊళ్లో తీశారో కూడా మాకు చెప్పరు. ఇదంతా లోకానికి పంచబోతున్నాం కనుక, ఏ ఫొటో ఎవరిదో చెప్పే ఫైలును చివరికి పూర్తిగా చెరిపేశారు. అందులో ఏదీ తప్పని నేను ఇప్పటికీ అనను. షుగరని తెలిస్తే పనిలోంచి తీసేసే ఓనర్లు మన బాలానగర్‌లోనే ఉన్నారు. కానీ చెరిపేముందు, పిలిచి చెప్పాల్సిన వాళ్లను పిలవాలి కదా? ఆ మాట నేను అడిగాను కూడా. నవ్వారు.

నాన్న బతుకంతా బాలానగర్‌లో లేత్ మిషన్ ముందే గడిచింది. నా చిన్నప్పుడు ఒక ఇనుప ముక్క ఎగిరి ఆయన కుడికంట్లో గుచ్చుకుంది. డాక్టర్లు తీశారు, చూపు దక్కింది, లోపల మచ్చ మిగిలింది. తర్వాత షుగర్ వచ్చింది. లోపలి పొర ఇంట్లో టార్చిలైటు వేసి చూసేది కాదు, దానికి కెమెరా కావాలి. అందుకని దవాఖానకు పోదాం పోదాం అని నేను వెంటపడేదాన్ని, ఆయన రేపు, ఎల్లుండి అని తప్పించుకునేవాడు. ఒక ఆదివారం మాత్రం పందెం గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు.

“ఇగ నా పానం తియ్యకు బిడ్డా. మా షెడ్డు కాడ క్యాంపు వెట్టిండ్రు. పెద్ద మిషన్ల కండ్లు వెట్టిచ్చి చూసిండ్రు.”

“ఎవరు పెట్టిండ్రు? ఏమన్నరు నాయినా?”

“ఎవరో ట్రస్టోల్లు. ఏమన్న ఉంటే ఫోన్ చేస్తమన్నరు. గంతే.”

ఆ ట్రస్టు చేత క్యాంపులు పెట్టించేది మా కంపెనీయేనని నాకు అప్పుడు తెలియదు. వాళ్లు సంతకం పెట్టించుకున్న కాగితంలో రిపోర్టులు ఇవ్వబడవని ఇంగ్లిష్‌లో ఉందట. ఫోన్ చేస్తామన్నది మాత్రం వాళ్ల నోటిమాట. క్యూ కదలాలంటే అలాంటిదేదో అనాలి కదా.

మా ఇళ్లలో ఫోన్ రాకపోతే అంతా బాగున్నట్టే లెక్క. దవాఖాన నుంచి గానీ, బ్యాంకు నుంచి గానీ, ఊళ్లో చుట్టాల నుంచి గానీ ఫోన్ వచ్చిందంటే గుండె ఝల్లుమంటుంది. మంచి కబురు చెప్పడానికి మాకెవరు ఫోన్ చేస్తారు? కాబట్టి ఫోన్ రాని వారం గడిచినకొద్దీ నాన్నకు ధైర్యం పెరిగింది. నేను దవాఖాన మాట ఎత్తితే చాలు, జేబులోంచి ఫోన్ తీసి నా మొహం ముందు ఆడించేవాడు. “ఏది, మోగిందా? ఫికర్ చెయ్యకు” అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ ఎవరో ఒకరు చూశారు కదా అని కొంత ఊరటగా కూడా ఉండేది.

కొన్నాళ్లకు ఆఫీసులో నా తెర మీదికి ఒక కన్ను వచ్చింది. నడిమికి కాస్త పక్కగా తెల్లటి మచ్చ, తొడిమతో సహా అచ్చం ఎండు మిరపకాయలా వంకర తిరిగి ఉంది. అది పాతది, దానితో భయం లేదు. దాని చుట్టూ మాత్రం కొత్త రక్తనాళాలు అడ్డదిడ్డంగా మొలిచాయి. అలాంటివి ఏ రోజైనా చిట్లిపోతాయి. నేను చివరి బటన్ నొక్కాను. పక్కసీటు అమ్మాయి కూడా అదే నొక్కింది. నాన్న కంట్లో మచ్చ ఉందని తెలుసు గానీ అదెలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. మాకు దేశం నలుమూలల నుంచీ ఫొటోలు వస్తాయి, ఇనుప ముక్క గుచ్చుకున్న కళ్లు వాటిలో బోలెడు.

ఆ కన్ను చూసి ఊరుకోలేక మా టీమ్ లీడ్ దగ్గరికి పోయాను. మణికొండలో ఉంటాడు, కోస్తా మనిషి, తిట్టినా చివర అండి చేర్చి తిడతాడు.

“సర్, ఈ మనిషికి ఎవరైనా చెప్తారా?” అని అడిగాను.

“ఏ మనిషికండి? అక్కడ మనిషెక్కడున్నాడు? ఇమేజ్ ఉంది” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

ఆ రోజు నుంచి దానికి మిరపకాయ కన్ను అని పేరు పడింది. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పడానికి దాన్నే వాడేవారు. మచ్చను చూసి మోసపోవద్దు, చుట్టూ చూడండి అని. పాఠానికి అంత మంచి ఫొటో దొరకదని పెద్ద డాక్టరు కూడా మెచ్చుకున్నాడు.

మా వైపు ఆఫీసుల్లో ఏ పని ముగిసినా కేకు కోయాల్సిందే. ఫొటోలన్నీ లోకానికి విడుదల చేసిన రోజు, పైన ఫొటో అచ్చు వేసిన కేకు తెప్పించారు. రెటీనా ఫొటో గుండ్రంగా నారింజ రంగులో ఉంటుంది కాబట్టి కేకు మీద బాగా కుదురుతుందన్నారు. ఏ కన్ను వేయిద్దామంటే అందరూ ఒక్కసారే మిరపకాయ అని అరిచారు. లీడ్ కోశాడు. మచ్చ ఉన్న ముక్క నాకంటే నాకని పోట్లాడుకున్నారు. నాకు అంచు ముక్క వచ్చింది, తిన్నాను, బాగుంది. నాన్నకు షుగర్ కాబట్టి ఇంటికి తీసుకుపోలేదు.

ఎండలు ముదరకముందే ఒక పొద్దున నాన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టి కుడికన్ను నలుపుకున్నాడు. “కంట్ల మసి కారుతున్నట్టున్నది బిడ్డా” అన్నాడు. అప్పటికప్పుడు ఆటోలో కంటి దవాఖానకు తీసుకుపోయాను. చుక్కలు వేసి, ఫొటో తీసి, డాక్టరమ్మ తెరను మా వైపు తిప్పింది. కింది సగం నిండా నెత్తురు. దాని పైన మిరపకాయ, తొడిమతో సహా.

డాక్టరమ్మ ఏదో చెప్తోంది. నాకు వినపడలేదు. బయటికి పోయి వాంతి చేసుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆమె నాన్నతో అంటోంది: “జర ముందుగా వస్తే లేజర్‌తోనే ఆపేసేటోళ్లం పెద్దాయనా. ఇన్ని రోజులు ఏం చేసిండ్రు?”

“ఫోన్ రాలే గదమ్మా” అన్నాడు నాన్న.

ఆపరేషన్ చేశారు. కుడికంటికి చూపు రాలేదు. ఎడమకన్ను కూడా చెడే దారిలో ఉంటే లేజర్ పెట్టి ప్రస్తుతానికి ఆపారు.

మళ్లీ ఆఫీసుకు పోయిన రోజు లీడ్‌ను పక్కకు పిలిచి అంతా చెప్పాను. అతని మొహం నిజంగానే వాడిపోయింది. అయ్యో అన్నాడు, నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. చివరి బటన్ నొక్కిన కళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి, ఆ మనుషులకైనా చెబుదాం అన్నాను.

“ఎలా కుదురుతుందండి? ఏది ఎవరిదో చెప్పే ఫైలే లేదు కదా.”

“చెరిపేముందు చెప్పాల్సింది సర్.”

“అది మన స్కోప్‌లో లేదండి. నెక్స్ట్ ఫేజ్‌లో తప్పకుండా పెడదాం.” అంతలో అతని మొహం వెలిగింది. “ఒక్క మాట, తప్పుగా అనుకోకండి. దవాఖానలో తీసిన ఫొటో మీ దగ్గరుంటుంది కదా? అదే కన్ను, అప్పుడూ ఇప్పుడూ. అలాంటి జత మన డేటాలో ఒక్కటి కూడా లేదండి. నాన్నగారు ఒక సంతకం పెడితే చాలు, ఎంతమందికి ఉపయోగమో ఆలోచించండి.”

చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. ఆ జతకు ఎంత విలువ ఉందో నాకూ తెలుసు, అందుకే ఇంకా మండింది. లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పేశాను. ఆ క్యాంపు మా కంపెనీదేనని, ఆయన కన్ను నా ముందుకే వచ్చిందని. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆయన నల్లద్దాలు సరిచేసుకున్నాడు.

“అంటే నా కన్ను నువ్వే చూసినవా?”

“నేనే చూసిన నాయినా.”

“జబ్బున్నదని పట్టినవా?”

“పట్టిన. అన్నిట్ల పెద్ద జబ్బని రాసిన.”

“సరిగ్గ రాసినవన్నట్టు” అని తల ఊపి, అన్నం పెట్టమన్నాడు.

మరుసటి రోజు షెడ్డులో పనిచేసేవాళ్లు, పక్కింటివాళ్లు చూడ్డానికొచ్చారు. నాన్న మంచం మీద గోడకానుకుని కూర్చుని వాళ్లకు గర్వంగా చెప్పసాగాడు. “డాక్టర్లకన్న ముందుగాల్నే మా బిడ్డ పట్టింది. గన్ని కండ్లల్ల నా కన్ను చూసి కరెక్టు చెప్పింది. ఊకెనే చదివిచ్చిన్నా?”

పక్కింటావిడ నా వంక వింతగా చూసింది. “మరి నీకెందుకు చెప్పలే అన్నా?” అని అడిగింది.

“దానికెట్ల తెలుస్తది అది నా కన్నని? పేర్లు ఉండయట ఆడ. ఎవరిదో తెల్వకుండ చూస్తేనే సరిగ్గ చూస్తరట. పద్ధతే గట్లుంటదట.” లీడ్‌కన్నా చక్కగా చెప్పాడు.

నేను ఆయనకు కుడివైపున కూర్చున్నాను. అందుకని తల మొత్తం ఇటు తిప్పి, నేనెక్కడున్నానో వెతుక్కుని, “అంతేనా బిడ్డా?” అని అడిగాడు.

“అంతే నాయినా” అన్నాను.