పెట్రోలు తాగేసిన బండి

మొన్న అరసవల్లి వెళ్తుంటే ఆటో పెట్రోలు బంకులో ఆగింది. ఆ వాసన తగలగానే మా పికప్పు గుర్తొచ్చింది. పాత పెట్రోలు బండి, ఒక తలుపు కొబ్బరితాడుతో కట్టుకోవాలి. మా ఆయన తోలేవాడు, నేను పక్కన, వెనక చేపల తట్టలు. పొద్దున్నే మొరాయిస్తే ఆయన కంగారుపడేవాడు కాదు. వాసన గుప్పుమందంటే ఇంజను ఎక్కువ తాగేసిందని, యాక్సిలరేటరు తొక్కకుండా వదిలేస్తే అదే ఆరుతుందని చెప్పి, బీడీ కోసం దూరంగా పోయేవాడు.

ఆయన పోయాక ఏడాది మూల కూర్చున్నాను. తర్వాత మళ్ళీ శ్రీకాకుళంలో చేపలమ్ముకుందామని తట్ట సర్దుకున్నాను. బండి అప్పటికి మరిది చేతికొచ్చింది. మా వాడలో మొగుడు పోయినది బయల్దేరే పడవకు గానీ బండికి గానీ ఎదురు రాకూడదు. అందుకని బండి కదిలాక వీధి చివర ఎక్కమంది అత్త. సరేనని గోడ చాటున నిలబడ్డాను.

మరిది తాళం తిప్పాడు. గుర్రుమంది గానీ అంటుకోలేదు. పెట్రోలు అందడం లేదనుకుని తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కినకొద్దీ వాసన గోడ దాటి నా దాకా వచ్చింది. అత్త చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పాపం, నిమ్మకాయలేం చేస్తాయి? ఉండబట్టలేక గోడ మీంచి తల బయటపెట్టాను.

"ఒరే, సాలక కాదురా, ఎక్కువైపోనాది. తొక్కుడాపి వొగ్గేయ్, అదే ఆరతాది."

"మా అన్న పక్కన కూకుంటే డ్రైవరైపోతావేటి వదినా?" అన్నాడు మరిది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

అత్త నవ్వలేదు. "నీ మొకం కనబడతంటే అదెలాగ కదుల్తాదే? లోనికెల్లు."

వెళ్ళాను. బ్యాటరీ నీరసించి ఆ గుర్రు కూడా ఆగిపోయాక, చేసేది లేక అందరూ గంజి తాగడానికి పోయారు. తట్టల్లో కానాగంత చేపల మీది ఐసు నీరై వీధిలోకి కారుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎండెక్కాక నలుగురొచ్చి బండి నెట్టారు. అంతసేపూ ఎవరూ తొక్కలేదు కదా, లోపల ఆరింది. నెట్టగానే అంటుకుంది, ఆయన చెప్పినట్టే.

అత్త గుమ్మంలోకొచ్చింది. గొంతులో కోపం కూడా లేదు. "సూసేవా? నువ్వు లోనున్నావు, అది కదిలినాది."

ఆరిపోయిన పెట్రోలును ఎవరికి చూపించను? బండి వీధి చివర నాకోసం ఆగలేదు. ఆ రోజే కాదు, మరెప్పుడూ ఆగలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని బస్సుకే తిరిగాను, కండక్టరు ముక్కు మూసుకుంటున్నా.

ఇప్పుడు అత్త లేదు, బండి తుక్కుకు పోయింది. అయినా ఎవరిదన్నా బండి తాళం తిప్పిన చప్పుడైతే నా కాళ్ళు వాటంతటవే గోడ చాటుకు పోతాయి. ఇన్నేళ్ళు గడిచాయని వాటికి ఎవరూ చెప్పలేదు.