చక్రాలు మూసుకునే దిగిన మా బావ విమానం

ఈ సంగతి రాసిపెట్టడానికి ఒకటే కారణం. ధర్మవరంలో మా వీధివాళ్లు ఇప్పటికీ ‘చక్రాలు తెరుచుకోక ఆ బొమ్మవిమానం పొట్టమీద పడింది’ అనుకుంటున్నారు. పడలేదు. మేమే అట్లా దించినాం. ఆ చక్రాలు బిగించింది మా బావ. ఆయన పనికి ఆ మాట రాకూడదు.

మా అక్క మొగుడు పట్టుచీరలు నేస్తాడు. నడుము నొప్పితో మగ్గం గుంటలో ఒక పూటకు మించి కూర్చోలేకపోయిన ఏడాది, మిగిలిన పూట రిమోట్‌తో ఎగిరే విమానం కట్టడం మొదలుపెట్టినాడు. నా చదువు పదో తరగతితో ఆగింది గానీ గ్రంథాలయానికి పోవడం ఆగలేదు. అక్కడి బీరువాలో మోడల్ విమానాల మీద పాత ఇంగ్లీషు పుస్తకం దొరికితే, పక్కన నిఘంటువు పెట్టుకుని మొత్తం చదివినా. ఇప్పటికీ అది నాకు గర్వమే.

మొదట పెట్టినవి ఎగిరాక రెక్కలోకి ముడుచుకునే చక్రాల్లో పాతరకం. రెక్క మధ్యలో ఒకే చిన్న మోటారు, దాన్నుంచి చక్రాలుండే రెండు కాళ్లకూ సన్న కమ్మీలు. కమ్మీ కొంచెం వంగినా ఒక కాలు సగంలో ఆగేది. అందుకని కొత్తరకం తెప్పించినాం. ఇందులో ఏ కాలి మోటారు దానిదే, పూర్తిగా తెరుచుకున్నాక తనంతట తానే బిగుసుకుంటుంది. అయితే లావు ఎక్కువ. రెక్కలో గూడు పెద్దది చేయాల్సి వచ్చింది. రెక్క చెక్క బెండులాంటిది, మరలు నిలవవు. గట్టి చెక్క పట్టీలు అతికించి, వాటిమీద బావ పట్టుదారం చుట్టి జిగురు పట్టించినాడు. ఈ రెక్క విరిగితే మళ్లీ కట్టనని అప్పుడే చెప్పేసినాడు. ఆయన నడుము ఒప్పుకోదని మాకూ తెలుసు.

బత్తలపల్లె దారిలోని ఎండిన చెరువే మా మైదానం. ముందురోజు మంచి వాన పడింది. అందుకని చెరువులోకి దిగకుండా కట్టమీది తారుదారి నుంచే ఎగరేసినాం. బావ స్విచ్ నొక్కగానే రెండు చక్రాలూ ఒక్కసారే లోపలికి పోయినాయి.

“చూసినావాప్పా! పొదిగే కోడి కాళ్లు దాచుకున్నట్లుండాది!” అన్నాడు.

దించుదామనుకునేసరికి కట్టమీదికి మేకలమంద ఎక్కింది.

“ఏమప్పా, నా మేకల మింద దించుతారా ఏమి?” అని వాటిని తోలే పెద్దమ్మ కేకేసింది.

“తొందరగా తోలుకో పెద్దమ్మా, బ్యాటరీ అయిపోతాంది!” అని నేను అరిచినా.

“నా మేకలకు బ్యాటరీ లేదు నాయనా, వాటి నడక వాటిదే.”

ఇంక మిగిలింది చెరువే. పైన తెల్లగా ఆరిన మన్ను, కింద బురద. బావ వేలు చక్రాల స్విచ్ మీదికి పోయింది.

“వద్దు బావా, చక్రాలు లోపలే ఉండనీ.”

“పిచ్చా నీకు? ఇన్ని దినాలు కష్టపడింది యాదానికి?”

“బురదలో చక్రం దిగబడితే పల్టీ కొడుతుంది. రెక్క పోతుంది. మెత్తని నేలయితే చక్రాలు మూసుకునే దిగమని పుస్తకంలో ఉండాది.”

“ఆ రాసినోడు మన చెరువు చూసినాడా?”

“చెరువు చూడలేదు. బురద చూసింటాడు.”

బావ స్విచ్ మీంచి వేలు తీసేసినాడు. పంకా మోటారు ఆపి, ముక్కు కొంచెం ఎత్తి, తేలిస్తూ తెచ్చినాడు. విమానం పొట్ట నేలను తాకింది, బర్రున జారింది, ఆగింది.

రిమోట్ నా చేతికిచ్చి, లుంగీ ఎగగట్టి బురదలోకి దిగినాడు. ముక్కుమీది పంకా విరిగింది. అడుగంతా గీసుకుపోయింది. రెక్కను మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు వేళ్లతో మెల్లగా తడిమినాడు. ఎక్కడా పగుల్లేదు. విమానాన్ని వెల్లకిలా తిప్పి పట్టుకుని స్విచ్ నొక్కమని అరిచినాడు. నొక్కినా. కాళ్లు రెండూ ఆకాశంలోకి లేచి నిలబడినాయి.

“పంకాదేముంది, కొత్తది పెడదాం. మళ్లా ఎగరేస్తాం!” అన్నాడు.

పేర్లు రాయొద్దని బావ ఆజ్ఞ. అందుకని పేర్లు లేకుండానే చెప్తా. గడువు దాటినా ఆ పుస్తకాన్ని మళ్లీ నాకే రాసిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, పట్టుదారం ఇచ్చిన పక్కింటి అన్నకు, విమానం ఆకాశంలో ఉండగా నా మాట విన్న బావకు, మా ఇద్దరినీ తిడుతూనే ఆ బురద లుంగీ ఉతికిన అక్కకు నా దండాలు.