ఈదమ్మ రంగం కాగితం

గోపాల్‌పేటలో ఈదమ్మలు ముగ్గురు. మిగతా ఇద్దరినీ ఇంటిపేరు పెట్టి పిలిచేవారు గానీ ఈమెకు ఆ అవసరం లేదు. రంగం ఈదమ్మ అంటే చాలు. రంగం అంటే రంగూన్. ఆమె తండ్రి ఒక కరువు ఏడాది వనపర్తి నుంచి కూలికి వెళ్లి, అక్కడి బియ్యం మిల్లులో బస్తాలు మోస్తూ ఉండిపోయాడు. ఈదమ్మ పుట్టింది, నడక నేర్చింది, మిల్లు గేటు ముందు గుగ్గిళ్లు అమ్మింది, గోపాల్‌పేట నుంచి కూలికి వచ్చిన గోవిందును పెళ్లాడింది, అన్నీ ఆ ఒక్క వీధిలోనే. ఇంట్లో పాలమూరు మాట, గడప దాటితే బర్మా మాట. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అక్క రేణుకమ్మ ఆమెను పెంచింది.

రంగూన్ మీద బాంబులు పడ్డాక, 1942లో, ఈదమ్మా గోవిందూ జనంతో కలిసి అడవుల్లో వారాల తరబడి నడిచి అస్సాం చేరారు. అక్క నిండు నెలల మనిషి. నడవలేనని ఆగిపోయింది. సరిహద్దు దాటాక శిబిరంలో ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు. అందులో పేరు, రంగూన్‌లో ఉన్న వీధి, ఒక నంబరు, కింద బొటనవేలి ముద్ర. బర్మా నుంచి వచ్చినవాళ్లని చెప్పడానికి అదొక్కటే సాక్ష్యం. గోవిందు తన కాగితాన్ని గోపాల్‌పేట చేరగానే తల్లి ఇంటి దూలంలో దోపేశాడు. ఈదమ్మ మాత్రం తనదాన్ని బొడ్డుసంచిలో పెట్టుకుని నాలుగేళ్లు నిద్రలో కూడా ఒంటి మీది నుంచి తీయలేదు.

1946 వేసవిలో అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రేణుకమ్మ బతికే ఉంది. ఆడపిల్ల పుట్టింది, దానికి నాలుగేళ్లు. మిల్లు మళ్లీ తిరుగుతోంది. కాగితాలున్నవాళ్లను మద్రాసు నుంచి ఓడల్లో వెనక్కి రానిస్తున్నారట. ఉత్తరం చదివి వినిపించిన టపా వెంకట్రాములు చేతిలోంచి ఈదమ్మ దాన్ని లాక్కుని, అక్షరం ముక్క రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ రోజంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు.

దారి ఖర్చులకు ఎద్దును అమ్ముదామని మొగుడూ పెళ్లాలిద్దరూ పెబ్బేరు సంతకు వెళ్లారు. ఆ గుంపులో, ఆ దుమ్ములో, ఎవడో ఆమె బొడ్డుసంచి తాడు కోసేశాడు. సంచిలో డబ్బుందనుకున్నాడేమో. అందులో ఉన్నవి నాలుగు వక్కలు, అక్క ఉత్తరం, ఆ కాగితం. ఈదమ్మ ఎడ్ల కాళ్ల మధ్య వంగి వంగి వెతికింది. దొంగ పారబోసిన వక్కలు దొరికాయి గానీ ఉత్తరమూ కాగితమూ దొరకలేదు.

ఠాణాలో పోలీసు అమీన్ ఆమె మాట చివరిదాకా విని తల గోక్కున్నాడు.

"పుట్టింది రంగంల. పెరిగింది రంగంల. మరి గీడ నువ్వెవరు?"

"గీడ నేను గోవిందు పెండ్లాన్ని సాబ్."

"గది నాకు తెల్సు. ఆడ నువ్వెవరో చెప్పేది గా కాయితమే గదా. గది పోయె."

అయినా మంచివాడు. దొంగతనం జరిగిందని ఉర్దూలో రాసి, మొహరు వేసి ఇచ్చాడు. వెంకట్రాములు మద్రాసులోని బర్మా కచేరీకి అర్జీ రాశాడు. జవాబు కోసం ఈదమ్మ రోజూ టపా వేళకు వెళ్లి గుమ్మంలో కూర్చునేది. ఆగస్టు చివర్లో ఒక పొద్దున ఆ జవాబు వచ్చింది. వెంకట్రాములు దాన్ని రెండుసార్లు చదువుకుని, ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు.

"కొత్త కాయితం ఇస్తరంట. పాత ముద్ర వాళ్ల దగ్గర ఉన్నదంట. పోలీసు చిట్ఠీ ఒకటి పంపాలె. బర్మాలనో శిబిరంలనో నిన్ను చూసినోళ్లు ఎవరన్న తహసీల్దారు ముందట వాంగ్మూలం ఇయ్యాలె. ఆయన ముందటనే నువ్వు ముద్ర వెయ్యాలె. మొగడు సాక్షికి పనికిరాడు. అన్నీ నెలాఖరులోపు చేరాలె."

"నెలాఖరంటే ఎన్ని దినాలు?"

"ఆరు. టపాకే నాలుగు దినాలు పడ్తది. రేపు మాపటి రైలుబండికి అందకుంటే అందనట్టే."

ఈదమ్మ కళ్లు మూసుకుని శిబిరాన్ని తలుచుకుంది. బురద, గుడారాలు, ఏడుపులు, ఏ మాటా అర్థంకాని జనం. ఆ జనంలో సూదులు వేసే కంపౌండర్ ఒకడు తనతో పాలమూరు మాటలో మాట్లాడాడు. పేరు యేసయ్య. లడాయి అయిపోయాక గద్వాల పోయి మందుల దుకాణం పెట్టుకుంటానన్నాడు.

"గద్వాలకు పోత," అంది ఈదమ్మ.

గోవిందు కాలికి నారికురుపు లేచి మంచం దిగలేకుండా ఉన్నాడు. అత్త తిమ్మమ్మ గడపలో కూర్చుని అన్నీ వింటోంది. కోడలు బర్మా ఊసెత్తితే చాలు ముఖం పక్కకు తిప్పుకునే మనిషి. ఆ సాయంత్రం మాత్రం జొన్నరొట్టెలు కొట్టి, ఉల్లిగడ్డలతో మూటకట్టింది.

"కోడి కూసినంక నడువు. నేనొస్త," అంది.

తెల్లవారకముందే బండి కట్టించుకుని వనపర్తి చేరారు. రైలుకు పోతే ఆ రోజు పని కాదని తెలిసి, కృష్ణ ఒడ్డు దాకా పోయే, బొగ్గుతో నడిచే బస్సెక్కారు. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు ఆగేది. మగవాళ్లు దిగి తోసేవారు. మూడోసారి ఈదమ్మా దిగి భుజం ఆనించింది.

"నాలుగేండ్లాయె. గాయనకు నువ్వు యాదికుంటవా?" అని తిమ్మమ్మ అడిగింది.

"ఉంట అత్తా."

"ఎట్ల చెప్తవ్?"

"ఉంట, గంతే," అని ఈదమ్మ చూపు కిటికీ వైపు తిప్పుకుంది.

బీచుపల్లి దగ్గర కృష్ణ ఎర్రగా, ఒడ్డులను కోసుకుంటూ పారుతోంది. జనాన్ని దాటించే గుండ్రటి తోలు పుట్టీలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. పొద్దున్నుంచి ఒక్కటీ వేయలేదని అక్కడివాళ్లు చెప్పారు. ఈదమ్మ అవతలి ఒడ్డునే చూస్తూ నిలబడింది. తిమ్మమ్మ మాత్రం పుట్టీలు నడిపేవాళ్ల పాకల వైపు సూటిగా నడిచి, "బక్కయ్య ఉన్నడా?" అని కేకేసింది. బక్కయ్య ఆమె తమ్ముడి కొడుకు.

"అత్తా, నీళ్లు చూసినవా?" అన్నాడు అతను బయటికి వస్తూ.

"చూసిన. నిన్ను సుత చూసిన. నీ నాయిన గింతకన్న ఎక్కువ నీళ్లల్ల నన్ను దాటిచ్చిండు."

బక్కయ్య రెండు తెడ్లు భుజాన వేసుకున్నాడు. ఒడ్డు వెంట పుట్టిని చాలా ఎగువకు లాక్కెళ్లి అక్కడ నీళ్లలోకి తోశాడు. తోలు పుట్టి గిర్రున తిరిగింది. ఆకాశం, ఒడ్డు, గుడి, మళ్లీ ఆకాశం. తిమ్మమ్మ కళ్లు గట్టిగా మూసుకుని కోడలి చేయి పట్టుకుంది. చిట్ఠీని నూనెగుడ్డలో చుట్టి కొప్పులో దోపుకున్న ఈదమ్మకు మాత్రం భయం వేయలేదు. రంగూన్ నది మీద చిన్న పడవల్లో తిరిగిన పిల్ల ఆమె. బక్కయ్య అలసిపోతుంటే రెండో తెడ్డు అందుకుని, అతను చెప్పిన వైపు నీళ్లను తోసింది. పైకి లేస్తున్న ప్రతి అలకూ ఆమెకు నవ్వొస్తోంది. ఎక్కిన చోటు నుంచి చాలా దిగువన అవతలి ఒడ్డుకు తగిలారు.

అక్కడ దొరికిన జట్కాలో గద్వాల చేరేసరికి పొద్దు వాలుతోంది. కోట గోడ దగ్గర మందుల దుకాణం ఎక్కడని నలుగురిని అడిగితే నలుగురూ ఒకే వైపు చూపించారు. యేసయ్య తలుపు వేస్తున్నాడు. కాస్త లావయ్యాడు, జుట్టు నెరిసింది. ఈదమ్మ ఊపిరి తీసుకోకుండా సంగతంతా చెప్పేసింది.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "తప్పనుకోకు అమ్మా. దినాము వందల మందికి సూదులేసిన. ఎవరని యాదికుంటరు?"

తిమ్మమ్మ ముఖం వాడిపోయింది. ఈదమ్మ ఒక్క అడుగు ముందుకు వేసి, ఆయన కుడిచేయి పట్టుకుని తిప్పింది. బొటనవేలి మొదట్లో అర్ధచంద్రంలా పాత మచ్చ ఉంది.

"గిది నా పంటి గాటే," అంది తలవంచుకుని.

యేసయ్య చేతిని చూసుకున్నాడు, ఆమెను చూశాడు. తర్వాత గోడ పట్టుకుని నవ్వాడు. "గా సూదేస్తే సస్తరని ఎవరో చెప్పిండ్రని కొరికింది నువ్వా? గద్వాల కుక్కలు సుత గిట్ల కరవవు, ఏ ఊరే నీది అని నేనంటే, రంగం అన్నవు. నంబరు రాసిన తర్వాత నీ ఏలికి సిరా పూసింది నేనే."

"కొరికినవా?" అని తిమ్మమ్మ కోడలి వైపు తిరిగింది.

"కొరికిన అత్తా."

"మంచి పని చేసినవ్. నడువుండ్రి ఇగ."

ముగ్గురూ దాదాపు పరుగెత్తారు. తహసీల్ కచేరీలో బంట్రోతు బల్లలు సర్దుతున్నాడు. తహసీల్దారు అప్పటికే షేర్వాణీ గుండీలు పెట్టుకున్నాడు. విసుగ్గా కూర్చుని, "ఈమేనని అంత ఖచ్చితంగా ఎలా చెప్తావు?" అని యేసయ్యను అడిగాడు.

యేసయ్య చేయి చాపి మచ్చ చూపించాడు. "సూదులు వేసినన్ని దినాలు నన్ను కొరికింది గీమె ఒక్కతే సాబ్."

తహసీల్దారు మీసాల చాటున నవ్వు ఆపుకోలేకపోయాడు. గుమాస్తా చేత వాంగ్మూలం రాయించి, సిరా పలక తెప్పించాడు. ఈదమ్మ ఆ వాంగ్మూలం కింద బొటనవేలు ఒత్తింది. మొదటి ముద్ర అలుక్కుపోయింది. తిమ్మమ్మ వచ్చి కోడలి మణికట్టు కదలకుండా పట్టుకుంది. రెండో ముద్ర గీత గీతా తేలింది. సంతకం, మొహరు అయ్యాయి.

స్టేషన్‌కు చేరేసరికి బండి కూత వేస్తోంది. యేసయ్య చిట్ఠీ, వాంగ్మూలం రెండూ కవరులో పెట్టి, జిగురు తడి ఆరకముందే బండికున్న టపా డబ్బా తలుపులో నిలబడ్డ మనిషి చేతికి అందించాడు. బండి కదిలింది. ఈదమ్మ ప్లాట్‌ఫారం చివరిదాకా దాని వెంట నడిచింది. తిమ్మమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని, పొద్దున కట్టిన రొట్టెల మూట అప్పుడు విప్పింది.

మూడు వారాలకు కొత్త కాగితం వచ్చింది. పాత ముద్రా కొత్త ముద్రా ఒక్కటేనని మద్రాసువాళ్లు రాశారు. గోవిందు కాలు మానింది. దీపావళి దాటాక ఇద్దరూ ఓడెక్కారు. సాగనంపడానికి తిమ్మమ్మ వనపర్తి రోడ్డు స్టేషన్ దాకా వచ్చింది. ఏడవలేదు. అక్కకు ఇమ్మని మూట నిండా చింతపండు, పండుమిరప తొక్కు కట్టించి ఇచ్చింది.

రంగూన్ రేవులో ఒక దొర ఈదమ్మ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఆమెకు తిరిగి ఇచ్చి, ముందుకు పొమ్మని చేయి ఊపాడు. కంచె అవతల రేణుకమ్మ నిలబడి ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. పక్కన తల నిండా పూలు పెట్టుకున్న చిన్నపిల్ల. "ఎవరమ్మా ఈమె?" అని ఆ పిల్ల బర్మా మాటలో అడిగింది.

"నీ చిన్నమ్మను," అని ఈదమ్మ అదే మాటలో చెప్పి, పిల్లను చంకనెత్తుకుని మిల్లు వీధి వైపు నడవసాగింది. వెనక గోవిందు మూటలు మోస్తూ, "జర మెల్లగ నడువే," అంటున్నాడు. ఆమె వినిపించుకోలేదు.