జిప్పోరమ్మ మార్చిన మాట

నాకు ముక్కు మీద కోపం. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నా దగ్గర కాగితాలు టైపు చేయించుకున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. అచ్చుతప్పు కనబడితే ఆ పూట నాకు అన్నం సహించదు. పేరు వామన్‌రావు. నాంపల్లిలో ఒక గల్లీలో కింద టైపు దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. పెళ్లి పత్రికలు, అర్జీలు, కిరాయి ఒప్పందాలు, మైకులో చదివే ప్రకటనలు, ఏవైనా సరే నేనే రాసి నేనే తెలుగు మిషన్ మీద కొట్టి ఇచ్చేవాణ్ని. నేను రాసిన దాంట్లో ఎవరైనా ఒక్క అక్షరం మార్చితే మళ్లీ వాళ్ల మొహం చూసేవాణ్ని కాదు.

అలాంటి నా తెలుగును ఒక మనిషి పట్టపగలు, నడి గల్లీలో, మైకులో పక్కన పడేసింది. ఆమె పేరు జిప్పోరా. ఆమె మా గల్లీ మనిషి అని చెప్పుకోవడానికి నాకెంత గర్వమో చెబుదామనే ఇది మొదలుపెట్టాను.

ఆమె భర్త జయరాజ్‌ది మెదక్. ఆటోకు రెండు మైకు గొట్టాలు కట్టించి ‘జయరాజ్ సౌండ్స్’ అని పేరు పెట్టుకున్నాడు. చీరల తగ్గింపు, కొత్త సినిమా, నల్లా నీళ్లు రాని రోజు, తప్పిపోయిన ముసలాయన, అన్నీ జనానికి అతని గొంతుతోనే తెలిసేవి. తొంభై మూడులో ఆ గొంతుకే ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. పాపం ఇక ఆటో అమ్ముకోవడమే అని అందరం అనుకున్నాం.

నెల తిరక్కముందే ఆటో మళ్లీ గల్లీలోకి వచ్చింది. జయరాజ్ నడుపుతున్నాడు. వెనక సీట్లో జిప్పోరా, ముక్కు మీద కళ్లద్దాలు, ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో మైకు. అప్పటిదాకా ఆమె చర్చిలో పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పేది, అంతే. ఆడమనిషి మైకు పట్టుకుని వీధుల్లో తిరగడమేందని నవ్వినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోవడం దేనికి. ఆమె చదవడం మొదలుపెట్టాక నవ్వు ఆగింది. చర్చిలో వాక్యం చదివినట్టు, ప్రతి మాటకూ దాని చోటు దానికిచ్చి చదివింది. నేను రాసిన ఒత్తులన్నీ, సున్నాలన్నీ వినబడ్డాయి. నా జన్మలో నా తెలుగు అంత అందంగా ఉందని నాకే తెలియదు.

ఆమెకు ఒక నియమం ఉండేది. కాగితంలో ఉన్నదే చదవాలి, సొంత మాట కలపకూడదు. ఒకసారి నేను ‘తగ్గింపు’లో సున్నా మరిచిపోయి ‘తగ్గిపు’ అని కొట్టాను. చదివేటప్పుడు సరిచేసుకుంటే పోయేది. ఆమె అలా చెయ్యలేదు. సుల్తాన్ బజార్‌లో ఆటో ఆపించి, అక్కణ్నుంచి నా దుకాణానికి నడిచొచ్చి, కాగితం నా ముందు పెట్టింది.

“సార్, గీడ ఒకటి తప్పిపోయినట్టుంది. మీరే పెట్టియ్యుండ్రి,” అంది.

నేను పెన్నుతో సున్నా పెట్టాక మళ్లీ సుల్తాన్ బజార్‌కు నడిచింది. ఆ రోజు నుంచి మైకు ప్రకటన అంటూ నా దగ్గరికి ఎవరొచ్చినా జయరాజ్ సౌండ్స్‌కే పంపేవాణ్ని.

ఆ తర్వాత అయిదేళ్లకు చలి వచ్చింది. హైదరాబాద్‌లో స్వెటర్ పెట్టెలోంచి తీసి, ఎండకేసి, మళ్లీ పెట్టెలో పెట్టడమే మాకు తెలిసిన చలికాలం. ఆ జనవరిలో మాత్రం పొద్దున కొబ్బరి నూనె సీసా రాయిలా అయ్యేది, పళ్లు టకటక కొట్టుకునేవి. ఇంకా నాలుగైదు రోజులు ఇలాగే ఉంటుందని పేపర్లో రోజూ రాస్తున్నారు. దానికి తోడు పొడిగాలి. దుకాణాల ముందు వాచ్‌మన్లు అట్టపెట్టెలు తగలబెట్టి కాచుకునేవారు. ఒకనాడు అలాంటి మంటలోంచి లేచిన అట్టముక్క పరుపుల దుకాణం ముందున్న దూది బండి మీద పడి బండి మొత్తం కాలిపోయింది. ఇంకో గజం అటు పోతే దుకాణమే అంటుకునేది.

మా గల్లీ వ్యాపారుల సంఘానికి కార్యదర్శి విద్యాసాగర్. కాగితం దుకాణం ఆయనది. మర్నాడే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“జర గట్టిగ రాయిండ్రి వామన్‌రావుగారూ. వింటే భయం పుట్టాలె,” అన్నాడు.

రాశాను. ‘యావన్మందికిని తెలియజేయునది ఏమనగా, ప్రస్తుతము వీచుచున్న తీవ్రమైన శీతల గాలుల దృష్ట్యా, వీధులయందును, దుకాణముల ముంగిటను చలిమంటలు వేయుట మిక్కిలి ప్రమాదకరము. కావున నిషేధించడమైనది.’ విద్యాసాగర్ కింద సంతకం పెట్టి ముద్ర గుద్దాడు. ఆ ‘ముంగిటను’ చూసుకుని నేను లోలోపల మురిసిపోయాను. జిప్పోరా గురువారం, శుక్రవారం రెండు పూటలా తిరిగి చదివింది. మంటలన్నీ ఆగిపోయాయి. సంఘం వాళ్లు నన్ను మెచ్చుకున్నారు.

శనివారం సాయంత్రం ఆమె కాగితం పట్టుకుని నా దుకాణంలోకి వచ్చింది. మొహం బాగోలేదు.

“సార్, పరుపుల దుకాణం వాచ్‌మన్ పోచయ్య తాత నాతోని మాట్లాడిండు. నువ్వు చెప్పినవ్ గదా బిడ్డా, గందుకే బయట మంట ఏస్తలేను, సిగ్డి లోపల పెట్టుకుని షటర్ దింపుకుంటున్న అంటుండు. మనం చెప్పినట్టే ఇన్నడు సార్. గదే నాకు భయమైతుంది.”

సిగ్డి అంటే బొగ్గుల కుంపటి. మా దగ్గర చిన్నా పెద్దా అందరూ అలాగే అంటారు.

“దూది దగ్గర సిగ్డి పెట్టుకోవద్దని ఆయనకొక్కనికి చెప్పు. అయిపోతది,” అన్నాను.

“దూది ఒక్కటే కాదు సార్. షటర్ మూసినంక గా బొగ్గుల గాలే మనిషిని తింటది. మెదక్‌ల మా అమ్మ మిషన్ దవాఖానల ఆయా. గట్లనే గది మూసుకుని పండిన తల్లీబిడ్డను తెచ్చిన్రు ఒకసారి. మంట లేదు, పొగ లేదు, ఒంటి మీద చిన్న గాయం లేదు. ఇద్దరూ పోయిన్రు. మీరు రాసిన దాంట్ల మంట అని ఉన్నది. సిగ్డిల మంట ఉండదు గదా, అందరూ గదే అనుకుంటున్రు. గా మాట ఒక్కటి కలిపియ్యుండ్రి.”

నాకు ఒళ్లు మండింది. ఉన్న మాట చెబుతున్నాను, ఆమె చెప్పింది నాకు అర్థం కాక కాదు. నా వాక్యంలో లోపం ఉందని ఒకరు చెప్పడం మింగుడుపడలేదు, అంతే.

“సిగ్డి తెలుగు మాట కాదు. సంఘం అడిగింది వీధి మంటల గురించి, ఇండ్లల్ల కుంపట్ల గురించి కాదు. పైగా కార్యదర్శి సంతకం అయింది. ఉన్నది ఉన్నట్టు చదువు,” అన్నాను.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం. తెల్లారేసరికి చలి ఇంకా ముదిరింది. మా ఆవిడ విద్యావతికి మోకాళ్ల నొప్పి, రాత్రంతా మూలుగుతూనే ఉంది. నేనే లేచి బొగ్గులు రాజేసి సిగ్డి ఆమె మంచం పక్కన పెట్టాను. వెచ్చదనం పోకుండా కిటికీ గడియ పెట్టాను.

“మంట వద్దని మీరే రాసిన్రు గదా,” అంది విద్యావతి.

“మంట ఏడుంది? నిప్పులే గదా,” అన్నాను.

అంత చదువుకున్నవాణ్ని, ముందురోజు అంత విన్నవాణ్ని, జనం అనుకుంటున్న మాటే నేనూ అన్నాను. గది తలుపు దగ్గరగా వేసి, ఒక పెళ్లి పత్రిక పని మిగిలితే కిందికి దిగి మిషన్ ముందు కూర్చున్నాను.

గంట దాటాక దూరంగా ఆటో మైకు వినబడింది. చర్చికి వెళ్లేముందు ఒక చుట్టు తిరుగుతోందన్నమాట. నా మాటలు వినడం నాకు సరదా, వేళ్లు ఆపి చెవులు రిక్కించాను. ‘యావన్మందికిని’ వచ్చింది. ‘శీతల గాలుల దృష్ట్యా’ వచ్చింది. ‘ముంగిటను’ కూడా వచ్చింది. ఆ తర్వాత మైకులో కాగితం మడిచిన చప్పుడు వినిపించింది.

“అమ్మలార, అయ్యలార, ఇప్పటిదాక కాగితం చదివిన. ఇగ నా మాట జర వినున్రి. మంట వద్దంటే మీరు సిగ్డి లోపల పెట్టుకుంటున్రు. పెట్టుకోకున్రి.”

కుర్చీ వెనక్కి తోసి వీధిలోకి ఉరికాను. జిప్పోరా సొంత మాట కలిపింది! అయిదేళ్లలో ఒక్క సున్నా సొంతంగా పెట్టని మనిషి నా వాక్యం మీద తన వాక్యం పెట్టింది. ఆటోకు అడ్డంగా నిలబడి చెయ్యెత్తాను. జయరాజ్ బ్రేకు వేశాడు. ఆమె నన్ను చూసింది. నేను దేనికొచ్చానో ఆమెకు తెలుసు. అయినా మైకు దించలేదు.

“తలుపు మూసి, కిటికీ మూసి, సిగ్డి పెట్టుకుంటే మంట కనబడది, పొగ కనబడది. నిద్రలనే పానం పోతది. ఇంట్ల సిగ్డి పెట్టి ఎవరినన్న పండవెట్టి వచ్చిన్రా? నేను చెప్పుడు అయిపోయేదాక ఆగకున్రి. ఇప్పుడే పోయి తలుపు తెరువున్రి.”

తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ మాట గల్లీ మొత్తానికి చెప్పింది గానీ నాకు మాత్రం నా ఒక్కడికే చెప్పినట్టుంది. వెనక్కి తిరిగి మెట్లెక్కాను. ఎన్ని మెట్లు దాటి ఎన్ని తొక్కానో తెలియదు.

విద్యావతి మంచం మీద పక్కకు ఒరిగి ఉంది. పిలిస్తే ‘ఊ’ అంది గానీ కళ్లు తెరవలేదు. లేపి నిలబెడితే తోటకూర కాడలా నా మీద వాలిపోయింది. ఒక్కణ్నే ఈడ్చుకుంటూ గుమ్మం దాకా తెచ్చాను, అక్కడ ఇక మోయలేక ఆగిపోయాను. అప్పటికి జిప్పోరా, జయరాజ్ పైకొచ్చారు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని వరండాలోకి చేర్చారు. జిప్పోరా కిటికీ తీసింది. సిగ్డిని రెండు చేతులా ఎత్తి వరండా చివర పెట్టింది. ఆమె వేలు కాలింది, ఆ సంగతి సాయంత్రం గానీ మాకు తెలియలేదు. అదే ఆటోలో, నెత్తిన రెండు మైకు గొట్టాలతో, విద్యావతిని దవాఖానాకు తీసుకెళ్లాం. డాక్టరు చూసి, ఇంకొక గంట ఆగితే తన దగ్గరికి తెచ్చే పని ఉండేది కాదన్నాడు. మధ్యాహ్నానికి మా ఆవిడ కళ్లు తెరిచి, చాయ్ అడిగింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

దవాఖానాలో ఆవిడ మంచంపై కుదురుకోగానే జిప్పోరా మళ్లీ మైకు పట్టింది. ఆ రోజు ఆమె చర్చికి పోలేదు. బషీర్‌బాగ్ దాకా తిరిగి అదే మాట చెప్పింది. పోచయ్య షటర్ ఎత్తుకుని బయట కూర్చుని, కనబడిన ప్రతి వాచ్‌మన్‌కూ ఆ మాట తన నోటితో మళ్లీ చెప్పాడు.

సోమవారం పొద్దున విద్యాసాగర్ నా దుకాణానికి వచ్చాడు. జిప్పోరాను కూడా పిలిపించాడు. ఇంట్లో జరిగింది ఆయనకింకా తెలియదు. సంతకం, ముద్ర ఉన్న కాగితం బల్ల మీద పరిచాడు.

“సంఘం పేరు మీద సంఘం చెప్పని మాటలు చెప్పిందామె. మంటలు వద్దన్నంక దుకాణాలల్ల సిగ్డిలు ఇచ్చింది మేమే. ఇప్పుడు వాచ్‌మన్లు కంబళ్లు అడుగుతున్రు. రేపట్నుంచి వేరే మైకు చూసుకుంటం. మీరే చెప్పున్రి వామన్‌రావుగారూ, మీరు రాసిందొకటి, ఆమె చదివిందొకటి. తప్పెవరిది?”

జిప్పోరా తల వంచుకోలేదు. నన్ను ఆదుకొమ్మని కూడా చూడలేదు. కాలిన వేలికి గుడ్డ చుట్టుకుని, తీర్పు ఏదైనా సరే అన్నట్టు నిలబడింది. ఆ నిలబడిన తీరు చూసి నా గుండె నిండిపోయింది. బతుకుతెరువు పోతుందని తెలిసే ఆ మనిషి మైకులో మాట మార్చింది. నేనేమో నా ‘ముంగిటను’ కోసం ఆమె మాట చెవిన పెట్టలేదు.

“తప్పు నాది,” అన్నాను. అచ్చులో గానీ నోటితో గానీ ఆ మాట నేనెప్పుడూ వాడలేదు. “ఆమె చదివింది సరైనది. మీ సంఘానికి వద్దంటే చెప్పున్రి, రేపట్నుంచి జయరాజ్ సౌండ్స్‌కు పైసలు నేనిస్త. కంబళ్ల సంగతి మీరు చూసుకోన్రి.”

విద్యాసాగర్ తెల్లబోయాడు. ఇంట్లో జరిగింది చెప్పాను. ఆయన కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసి, కొత్తది కొట్టమన్నాడు. కంబళ్లు బుధవారానికి వచ్చాయి.

మిషన్లో తెల్ల కాగితం పెట్టి, జిప్పోరాను చెప్పమన్నాను. ఆమె చెబుతుంటే ఉన్నది ఉన్నట్టు కొట్టాను. ‘పెట్టుకోకున్రి’ దగ్గర వేళ్లు అలవాటు కొద్దీ ‘పెట్టుకొనరాదు’ వైపు పోయాయి, పట్టి ఆపాను. ‘సిగ్డి’ అని మూడుసార్లు కొట్టాను.

రెండు వేల ఎనిమిదిలో మైకు మానేసేదాకా ప్రతి చలికాలం ఆమె ఆ కాగితమే చదివింది. ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. ఆ సోమవారం, తీసిన మొదటి కాపీని పైకి తీసుకెళ్లి, ముందురోజు రాత్రే దవాఖానా నుంచి ఇంటికొచ్చి దిండుకు ఆనుకుని కూర్చున్న విద్యావతికి చదివి వినిపించాను.

“ఇది మీ తెలుగు లెక్క లేదు,” అంది నవ్వుతూ.

“ఔ,” అన్నాను, జన్మలో ఎన్నడూ లేనంత గర్వంగా. “జిప్పోరమ్మ తెలుగు.”